రంగు ఎవరి పక్షం?

భద్రాచలం దాటి పర్ణశాలకు వెళితే, సీతమ్మ వాగు దగ్గర బండలమీది చారలు చూపించి, సీతమ్మ చీర ఆరవేసిన గుర్తులని చెబుతారు. ఒకసారి విద్యార్థులతో అక్కడికి వెళ్లినప్పుడు ఒక కోయ విద్యార్థిని అడిగింది: "సార్, ‘లవకుశ’లో అడవి రంగుల్లో ఉంది. అడవిలో ఉండే మేమేరీ?" అప్పుడు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

సినిమాకు రంగు మొదట కూలి చేతులమీదుగా వచ్చింది. ఫ్రాన్సులో మెలియెస్ తీసిన చిత్రాలకు పారిస్‌లో ఎలిజబెత్ తుయ్యే నడిపిన కార్ఖానాలో దాదాపు 200 మంది స్త్రీలు కుంచెలతో బొమ్మ బొమ్మకూ రంగు వేసేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క రంగే. మెలియెస్ పేరు చరిత్రకెక్కింది. ఆ స్త్రీల పేర్లు ఎక్కలేదు. తర్వాత కుంచె స్థానాన్ని రసాయనం, కూలి స్థానాన్ని పెట్టుబడి ఆక్రమించాయి.

మన దేశంలోనే తయారైన తొలి రంగుల చిత్రం 1937లో అర్దేషిర్ ఇరానీ నిర్మించిన ‘కిసాన్ కన్య’. సాదత్ హసన్ మంటో సంభాషణలు రాసిన ఆ చిత్రం రైతుల కథ. కనుక రంగు స్వతహాగా దేవతల పక్షమనడం చెల్లదు. తెలుగులో మాత్రం రైతు నలుపు తెలుపుల్లోనే ఉండిపోయాడు: 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’, 1955లో తాపీ చాణక్య ‘రోజులు మారాయి’. పూర్తి నిడివి రంగుల చిత్రంగా 1963లో ‘లవకుశ’ వచ్చింది. అది 1934లోనే సి. పుల్లయ్య తీసి జనాన్ని మెప్పించిన కథ. రెండోసారి ఆయనే మొదలుపెట్టినా, డబ్బు చాలక నిర్మాణం కొన్నేళ్లు ఆగి, సి. ఎస్. రావు చేతిలో పూర్తయింది. ఖరీదైన రంగు గిట్టుబాటయ్యే కథనే వెతుక్కున్నది. ఇందులో భక్తికన్న లెక్క పాలే ఎక్కువ.

అయితే ఆ చిత్రం చూసి ఏడ్చిన జనాన్ని మూఢులని కొట్టిపారేయడం మన విమర్శకు తగదు. నిండు నెలల్లో ఇల్లు వెళ్లగొట్టబడిన ఆడదాని దుఃఖం వాళ్లెరిగినదే. వాళ్లు రంగుకోసం వచ్చినా, ఆ దుఃఖాన్ని గుర్తుపట్టారు.

1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో కంప్యూటరుతో రంగులద్దారు. అప్పుడూ లెక్క మారలేదు.

అమ్మాయికి నా జవాబు ఇది: డబ్బు ఎంచుకున్న కథలో మీ అడవి తెరకు అలంకారమైంది, మీరు కాలేకపోయారు. ఇవాళ చేతిలోని ఫోనుకే రంగు తెలుసు. ఖర్చు అనే సాకు ఇక చెల్లదు. ఇప్పటికీ మీరు తెరమీద లేకపోతే, జవాబు చెప్పుకోవలసింది కథలు రాసే మేము, వాటిని బోధించే మేము.