కొండాపూర్ అంటే ఏ కొండాపూర్?

ఈరోజు మనం కొండాపూర్ వెళ్తున్నాం. ఈ మాట చెప్తే మా పాత టీమ్‌లో ఒకడు "బొటానికల్ గార్డెన్ దగ్గరే కదా బ్రో, దానికి వీడియో ఎందుకు?" అన్నాడు. ఆ కొండాపూర్ కాదండీ. నేను నాలుగేళ్లు క్యాబ్ దిగి లాగిన్ అయింది ఆ కొండాపూర్‌లోనే. ఇది సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఇంకో కొండాపూర్, హైదరాబాద్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. మ్యాప్‌లో ఉత్త కొండాపూర్ అని కొడితే మళ్లీ ఆఫీసుకే తీసుకెళ్తుంది. 'కొండాపూర్ మ్యూజియం' అని కొట్టండి.

ఇక్కడి చరిత్ర అనగానే మనవాళ్లు 1591లో చార్మినార్ దగ్గర మొదలుపెడతారు. ఓపిక ఉన్నవాళ్లు కాకతీయుల దాకా వెళ్తారు. అంతకు ముందు ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లూ తుప్పలే అన్నట్టు మాట్లాడతాం. కానీ సుమారు 2000 ఏళ్ల కిందట, శాతవాహనుల కాలంలో, ఈ కొండాపూర్‌లో ఒక పట్నం నడిచింది. మామూలు పల్లె కాదు, బాగా నడిచిన పట్నం.

ఊళ్లోవాళ్లు ఈ దిబ్బని కోటగడ్డ అనేవారు. 1900 ప్రాంతంలో హెన్రీ కజెన్స్ అనే పురావస్తు అధికారి వచ్చి చూసి, దీన్ని దిబ్బల పట్నం అన్నాడు. తర్వాత 1940ల మొదట్లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున గులాం యజ్దానీ తవ్వించారు. అజంతా చిత్రాల మీద పెద్ద పుస్తకాలు తెచ్చింది ఈయనే. ఇటుక గోడల ఇళ్లు, బౌద్ధ కట్టడాలు, పూసలు, కుండలు, ఇంకా కుప్పలుగా నాణేలు బయటపడ్డాయి.

నాణేల దగ్గర కాసేపు ఆగుదాం. వీటిలో ఎక్కువ భాగం సీసంవీ, పోటిన్‌వీ. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిపిన లోహం. అంటే చిల్లర అన్నమాట. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా దొరికింది, రీల్స్‌లో అందరూ దాన్నే చూపిస్తారు. నాకైతే ఆ సీసం ముక్కలే ఎక్కువ చెప్తాయి. బంగారం ఒక్క పెద్ద వ్యాపారి మూటలో ఉంటే చాలు. చిల్లర ఇంతగా ఉందంటే రోజూ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్నట్టు. నాణేలు పోసే మట్టి అచ్చులు కూడా దొరికాయి, అందుకే ఇక్కడ టంకశాల ఉండేదంటారు.

ఇక బొమ్మలు. కయోలిన్ అనే తెల్ల మట్టితో చేసినవి. ముందు సగానికి ఒక అచ్చు, వెనక సగానికి ఒక అచ్చు, రెండూ అతికిస్తే లోపల డొల్లగా బొమ్మ రెడీ. జుట్టు ముడులు చూడండి, ఈరోజు పెళ్లిలో వేసుకొచ్చినా ఎవరూ వింతగా చూడరు. రోమన్ నాణేల్ని చూసి మట్టితో చేసిన బిళ్లలు కూడా ఉన్నాయి, మెడలో వేసుకోవడానికి బెజ్జంతో సహా. అసలు బంగారం కొనలేనివాళ్లు డూప్లికేట్ వేసుకున్నారని నా ఊహ. అమీర్‌పేట ఫుట్‌పాత్ గుర్తొచ్చింది.

ఇలాంటి తెల్ల మట్టి బొమ్మలే మహారాష్ట్రలోని తేర్‌లో కూడా దొరికాయి. గ్రీకు వ్యాపారులు రాసిన తగర అదే. హైదరాబాద్ నుంచి సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా షోలాపూర్ వెళ్లే మన ముంబై హైవే ఇంచుమించు అటే పోతుంది. మనం ఎఫ్ఎం పెట్టుకుని వెళ్లే దిక్కునే ఒకప్పుడు సరుకు నడిచిందన్నమాట.

ఒక్క విషయం. ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలున్నాయని రాశాడు. కొండాపూర్ అందులో ఒకటని చాలా వీడియోల్లో గట్టిగా చెప్పేస్తారు. ప్లినీ ఆ 30లో ఒక్క ఊరి పేరూ రాయలేదండీ. కాబట్టి ఆ మాట నేను చెప్పను. దొరికిన వస్తువులే చాలినంత గొప్పవి, పైన అరువు గొప్ప ఎందుకు?

2009 తర్వాత భారత పురావస్తు శాఖ మళ్లీ కొంత తవ్వింది. అయినా చాలా భాగం మట్టి కిందే ఉంది. వెళ్లే దారి పొడవునా ప్లాట్ల హోర్డింగులు చూస్తుంటే నాకు భయం అక్కడే. పునాది కోసం జేసీబీ ఒక్క పూట తవ్వితే చాలు, ఏ వస్తువు ఏ పొరలో ఉందో ఇక చెప్పలేం. ఆ పొర తెలియకపోతే నాణెం చేతిలో ఉన్నా దాని కాలం పట్టుకోవడం కష్టం.

మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో వెళ్లండి. దిబ్బ మీద నడిచేటప్పుడు కాళ్ల కింద పెంకు ముక్కలు కనిపిస్తాయి. ఫోటో తీసుకోండి, జేబులో మాత్రం వేసుకోకండి.