చంటిపిల్లలతో పరాయి తీరాలకు

1844 వేసవిలో ఇంటిల్లిపాదినీ ఇటలీ సముద్రతీరానికి తీసుకెళ్ళాలనుకున్న చార్లెస్ డికెన్స్ ముందుగా కొన్నది ఒక పాత గుర్రపుబండి. లండన్‌లో పాంటెక్నికాన్ అనే పెద్ద గోదాములో అమ్మకానికి పెట్టిన బండిని బేరమాడి 45 పౌన్లకు తెచ్చుకున్నాడు. పేరుకు బండే గాని, చిన్న గదంత ఉండేది. ఉండక తప్పదు మరి. భార్య కేథరిన్, మరదలు జార్జినా, పనివాళ్ళు, టింబర్ అనే కుక్క, వీళ్ళందరితో పాటు ఐదుగురు పిల్లలు. పెద్దవాడు చార్లీకి ఏడేళ్ళు, మేరీకి ఆరు, కేట్‌కు నాలుగు, వాల్టర్‌కు మూడు. అందరికన్నా చిన్నవాడు ఫ్రాన్సిస్‌కు ఇంకా ఆర్నెల్లు నిండలేదు.

దారిలో బసలు కుదర్చడానికి, గుర్రాలు మార్పించడానికి, సత్రాల వాళ్ళతో గొడవపడడానికి లూయీ రోష్ అనే ఫ్రెంచివాణ్ణి జీతానికి పెట్టుకున్నారు. అప్పట్లో డబ్బున్న ఇంగ్లీషు కుటుంబాలు ఇలాంటి మనిషి లేకుండా ఐరోపా ఖండం మీద అడుగు పెట్టేవి కావు. పారిస్ దాకా ఒక మజిలీ. అక్కడినుంచి బండిలో షాలోన్, పడవ మీద లియాన్, మళ్ళీ పడవ మీద రోన్ నది వెంబడి అవిన్యోన్, ఆపైన మార్సెయ్. మార్సెయ్‌లో ఓడెక్కి జెనోవాలో దిగేసరికి రెండు వారాలు గడిచాయి. ఆర్నెల్ల పసివాడితో ఆ ప్రయాణం ఎలా సాగిందో తల్లీ దాదీ రాసి ఉంటే తెలిసేది. రాసినవాడు తండ్రి. ఆయన ‘పిక్చర్స్ ఫ్రమ్ ఇటలీ’లో చర్చిలూ వీధులూ సత్రాలూ ఉన్నంతగా ఉయ్యాలలు లేవు.

జెనోవా పక్కన అల్బారోలో, చూడకుండా మాట్లాడుకున్న ఇల్లు ఆయనను నిరాశపరిచింది. దానికి ‘గులాబీ రంగు జైలు’ అని పేరు పెట్టాడు. ఈగలు, దోమలు, గోమార్లు. గోమార్ల బాధ పడలేక టింబర్‌కు ఒళ్ళంతా గొరిగించాల్సి వచ్చింది. శరత్కాలం వచ్చేసరికి ఊళ్ళో పలాత్సో పెస్కియేరె అనే మంచి భవంతికి మకాం మార్చారు. ఫోటో చూసి బుక్ చేసుకున్న గది తలుపు తీసి ఉసూరుమనే నేటి తల్లిదండ్రులకు ఈ అనుభవం కొత్తేమీ కాదు.

ఇంత కష్టపడి పిల్లల్ని సముద్రం దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళాలి? ఈ ప్రశ్నకు అంతకు వందేళ్ళ కిందట ఒక వైద్యుడు జవాబిచ్చాడు. డాక్టర్ రిచర్డ్ రస్సెల్ 1750లో గ్రంథుల జబ్బులకు సముద్రపు నీరే మందని లాటిన్‌లో పుస్తకం రాశాడు. అందులో మునగడమే కాదు, తాగాలి కూడా. తర్వాత ఆయన బ్రైటన్‌లో మకాం పెట్టడంతో ఆ బెస్తపల్లె దశ తిరిగింది. 1791లో లండన్ పేదల గండమాల జబ్బు కోసం మార్గేట్‌లో ఏకంగా సముద్రస్నానాల ఆసుపత్రే వెలిసింది. అంటే సముద్రం ఆటస్థలంగా కాకుండా ఔషధంగా మొదలైంది. ఆ మందు పట్టించడానికి మనుషులుండేవారు. చక్రాల గదిని గుర్రంతో నీళ్ళలోకి లాగించి, అందులోంచి దిగినవాళ్ళను పట్టుకుని బలవంతాన ముంచి లేపే ఆడవాళ్ళు. బ్రైటన్‌లో వీళ్ళకు పెద్ద దిక్కు మార్తా గన్. దిట్టమైన మనిషి. చిత్తరువులో ఆమె చేతుల్లో ఒక పసివాడుంటాడు. వాడి అభిప్రాయం ఎవరూ అడగలేదు.

తీరం మీద చంటిపిల్లల చరిత్ర తెలుసుకోవాలంటే వెతకాల్సింది అక్కడే: వాళ్ళను ఎత్తుకున్న చేతులు ఎవరివి?

పందొమ్మిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి మందు కాస్తా ఆటగా మారింది. రైలు బ్రైటన్‌కు 1841లో, ఫోక్‌స్టన్‌కు 1843లో చేరింది. విలియం పావెల్ ఫ్రిత్ గీసిన ‘రామ్స్‌గేట్ శాండ్స్’ 1854లో ప్రదర్శనకు వస్తే విక్టోరియా రాణి కొనుక్కుంది. ఆమె కూడా పిల్లల్ని ఐల్ ఆఫ్ వైట్ తీరంలో ఆడించిన తల్లే. ఫ్రిత్ బొమ్మలో ఇసుక మీద జనం కిక్కిరిసి ఉంటారు. పెద్దవాళ్ళు నిండా బట్టలు కప్పుకుని పేపర్లు చదువుతూ, గొడుగుల కింద కునుకు తీస్తూ కనిపిస్తారు. ముందువైపు నీళ్ళలో కాళ్ళు పెట్టీ పెట్టనట్టు నిలబడ్డ చిన్నపిల్ల. సముద్రాన్ని ముట్టుకునేది పిల్లలే.

తర్వాతి కాలంలో డికెన్స్ వేసవి సెలవులకు పిల్లలతో ఇంగ్లీష్ ఛానెల్ దాటింది బూలోన్ కోసం. 1853, 1854, 1856 వేసవులు అక్కడే. జెనోవాలా రెండు వారాల యాత్ర కాదిది. లండన్‌లో రైలెక్కి, ఫోక్‌స్టన్‌లో ఓడెక్కితే ఆ పూటకే ఫ్రాన్స్. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆఖరివాడు ఎడ్వర్డ్‌కు ఏడాదీ మూడు నెలలు, తప్పటడుగుల వయసు. ఇంట్లో వాణ్ణి ‘ప్లోర్న్’ అని పిలిచేవాళ్ళు. ముద్దు మీరి తండ్రి ఆ పేరును నోరు తిరగనంత పొడవు చేశాడు. ఇంటి యజమాని బోకూర్‌కు తోటన్నా, ఆ తోటలో తిరిగే అద్దెదారులన్నా ప్రాణం. డికెన్స్ పొద్దున్న ‘బ్లీక్ హౌస్’ చివరి భాగాలు రాసుకునేవాడు. ఆ తర్వాతి వేసవిలో ‘హార్డ్ టైమ్స్’ వంతు. ఇంటి వ్యవహారాలు, పిల్లల సంగతి చాలావరకు జార్జినా చేతిలో ఉండేవి. నవలలు పూర్తయ్యాయంటే ఆ చేతులకూ కొంత వాటా ఇవ్వాలి.

1856లో కథ అడ్డం తిరిగింది. బూలోన్‌లో గొంతువాపు జబ్బు వ్యాపించింది. డిఫ్తీరియా. సెలవులకు వచ్చి ఉన్న హాస్యరచయిత గిల్బర్ట్ ఎ బెకెట్ కొడుకు చనిపోయాడు. ఒకటి రెండు రోజుల్లో ఆయనా పోయాడు. డికెన్స్ పిల్లల్ని ఇంగ్లండ్‌కు పంపించేశాడు. ఇప్పుడు పిల్లలతో విదేశం వెళ్ళేవాళ్ళు జ్వరం మందు, బీమా కాగితం, దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో ముందే చూసుకుంటారు. అప్పుడు చేతిలో ఉన్న మందు ఒక్కటే, తిరుగు ఓడ.

ఫ్రెంచివాళ్ళకూ ఈ సరదా పట్టుకుంది. 1870 వేసవిలో క్లోద్ మోనే, అప్పుడే పెళ్ళాడిన కమీయ్, మూడేళ్ళు నిండబోతున్న కొడుకు జాన్ ట్రూవీల్‌లో ఉన్నారు. మోనే ఈజిల్‌ను తిన్నగా ఇసుకలోనే నిలబెట్టి బొమ్మలు వేశాడు. వాటిలో ఒకటి ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని రంగుల్లో ఇసుక రేణువులు ఇప్పటికీ అంటుకునే ఉన్నాయి. బొమ్మలో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఖాళీ కుర్చీ, దాని మీద ఆరేసిన పిల్లవాడి చెప్పులాంటిదేదో కనిపిస్తాయి. పిల్లవాడు మాత్రం లేడు. ఆ వయసు వాళ్ళు ఒకచోట కూర్చుంటే కదా!

ఇంగ్లీషు పిల్లలు దాటిన సముద్రాల్లో మనకు దగ్గరవి కూడా ఉన్నాయి. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకున్నాక మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవుల నుంచి ఇంగ్లండ్‌కు వెళ్ళే దొరల కుటుంబాలు ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి ఆయాలను వెంటబెట్టుకెళ్ళేవి. వాంతులు, జ్వరాలు, రాత్రి ఏడుపులు, డెక్కు మీద పరుగులు, అన్నీ ఆమె భుజాన. మన కోస్తా జిల్లాలన్నీ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోవే. లండన్‌లో దిగాక కొందరు యజమానులు తిరుగు టికెట్ కొనిపెట్టకుండానే ఆయాను వదిలేసేవారు. అలాంటివాళ్ళ కోసం నడిచిన ఆయాల గృహం 1900లో హాక్నీకి మారింది. తిరుగు ప్రయాణానికి మరో కుటుంబం కుదిరేదాకా వాళ్ళు అక్కడే ఉండేవారు. 54 సార్లు ఈ ప్రయాణం చేసిన ఆయా గురించి 1922లో పత్రికల్లో వచ్చింది. యాభై నాలుగుసార్లు సముద్రం దాటింది, ప్రతిసారీ వేరొకరి బిడ్డతో. ఆ ఇంటికి నీలిరంగు స్మారక ఫలకం 2022లో గాని పడలేదు.

వేసవిలో ఫ్రాన్స్ మధ్యధరా తీరానికి పిల్లల్ని తీసుకెళ్ళడం 1923 దాకా పిచ్చిపనే. రివియేరా అనే ఆ తీరం శీతాకాలపు మకాం. మే వచ్చిందంటే హోటళ్ళు తాళాలు వేసుకునేవి. అమెరికన్ దంపతులు జెరాల్డ్, సారా మర్ఫీ ఆంటీబ్‌లోని హోటల్ దూ కాప్ యజమానిని ఒప్పించి, కొద్దిమంది సిబ్బందితో ఆ వేసవి తెరిపించారు. వాళ్ళకు ముగ్గురు పిల్లలు. ఆనోరియాకు ఐదేళ్ళు, బేయోత్‌కు నాలుగు, పాట్రిక్‌కు రెండు దాటింది. అదే వేసవి పికాసో తన భార్య ఓల్గా, తల్లి, రెండేళ్ళ కొడుకు పాలోతో అక్కడికి వచ్చాడు. దగ్గర్లోని లా గరూప్ అనే చిన్న బీచ్ నిండా సముద్రపు నాచు పేరుకుపోయి ఉండేది. జెరాల్డ్ రోజూ కొంత చొప్పున పారతో లాగి శుభ్రం చేసుకున్నాడు. ఈ రోజు కోట్లు పలికే రివియేరా వేసవి, ఒక తండ్రి పిల్లలు ఆడుకోవడానికి నాచు ఎత్తిపోయడంతో మొదలైందంటే అతిశయోక్తి ఎంతో లేదు.

చరిత్రలో ఈ దంపతుల పేరు ఎక్కువగా ఫిట్జెరాల్డ్, హెమింగ్వేల స్నేహితులుగానే వస్తుంది. కాని వాళ్ళ అసలు ప్రతిభ పిల్లలకు రోజు గడపడం ఎలాగో ఆలోచించడంలో ఉందనిపిస్తుంది. ఒకసారి తోటలో పాత మ్యాపు ‘దొరికింది’. దాన్ని పట్టుకుని పిల్లలతో కలిసి పడవలో సాన్ ట్రొపే దగ్గరి ఒక మూలకు వెళ్ళి తవ్వితే నిధి పెట్టె బయటపడింది. మ్యాపు రాసిందీ పెట్టె పాతిపెట్టిందీ పెద్దవాళ్ళేనని ఆనోరియాకు చాలాకాలం తర్వాత గాని తెలియలేదు. సారాకు మాత్రం క్రిములంటే మహా భయం. రైలు పెట్టెలో దుప్పట్లు పరిపించేది, పిల్లల చేతికి వెళ్ళే నాణేలు కడిగించేది. అంత జాగ్రత్త పడ్డా 1929లో పాట్రిక్‌కు క్షయ అని తేలింది. మకాం స్విట్జర్లాండ్ కొండలకు మారింది. 1935లో బేయోత్ మెదడు పొరల వాపుతో పోయాడు, 1937లో పాట్రిక్.

ఇప్పటిదాకా చెప్పిందంతా పనివాళ్ళున్న ఇళ్ళ కథ. ఫ్రాన్స్‌లో 1936లో కార్మికులందరికీ రెండు వారాల జీతంతో సెలవు చట్టమైంది, బ్రిటన్‌లో 1938లో ఆ తోవన చట్టం వచ్చింది. దాదులు లేని తల్లిదండ్రులు ఇంకా పెద్ద సంఖ్యలో సముద్రానికి బయల్దేరారు. మరి రాత్రి పిల్లాడు నిద్రపోయాక పెద్దవాళ్ళు ఏం చెయ్యాలి? 1936లో స్కెగ్నెస్‌లో తన తొలి సెలవుల శిబిరం తెరిచిన బిల్లీ బట్లిన్ దగ్గర దీనికి ఉపాయం ఉంది. ఆయన శిబిరాల్లో రాత్రిపూట ఆయాలు గదుల వరసల వెంట తిరుగుతూ చెవి ఒగ్గి వినేవారు. ఏడుపు వినిపిస్తే ఫలానా నంబరు గదిలో పాపాయి ఏడుస్తోందని నాట్యశాలలో తెలియజేసేవారు. సంగీతం మధ్యలో ఒక జంట లేచి పరుగెత్తేది.

విదేశం ఇంకా దూరమే. 1950లో వ్లదీమీర్ రైట్జ్ అనే యువకుడు విమానం అద్దెకు తీసుకుని, కోర్సికా దీవిలో కాల్వీకి జనాన్ని చేరవేశాడు. 32 పౌన్ల 10 షిల్లింగులకు విమానం, గుడారం, భోజనం. మాంసానికి రేషనున్న బ్రిటన్ నుంచి వెళ్ళినవాళ్ళకు రోజుకు రెండుపూటలా మాంసం. అనుమతి మాత్రం విద్యార్థులకూ ఉపాధ్యాయులకే. గుడారాల్లో పాలసీసాలు మరిగించుకునే వాళ్ళకోసం పెట్టింది కాదది. అరవైల్లో స్పెయిన్ తీరం హోటళ్ళతో నిండాక కుటుంబాలు కదిలాయి. 1966 నుంచి 1970 దాకా బ్రిటన్ పౌరుడు విదేశంలో ఖర్చుకు 50 పౌన్లకు మించి తీసుకెళ్ళకూడదు. గది, భోజనం ముందే చెల్లించే ప్యాకేజీ టూర్లకు అది కలిసొచ్చింది.

సరిగ్గా అదే సమయంలో, పిల్లల్ని ఎత్తుకునే చేతులకు ఒక ఇంజనీరు బదులు వెతికాడు. ఓవెన్ మక్లారెన్ విమానాల ఇంజనీరు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల అమరికలో పనిచేసినవాడు. బరువైన తోపుడుబండితో ప్రయాణాలు చెయ్యలేకపోతున్నానని కూతురు వాపోతే, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండి తయారుచేశాడు. బరువు 2.7 కిలోలు. 1965లో పేటెంట్, రెండేళ్ళకు అమ్మకాలు. విమానం చక్రాలు కడుపులోకి ముడుచుకున్నట్టే ఇదీ ముడుచుకుంటుంది. అమెరికాలో 1961లో పాంపర్స్ వచ్చింది, మనవడి గుడ్డలు మార్చలేక విసిగిన తాత విక్టర్ మిల్స్ చలవ. 1967లో క్లబ్ మెడ్ పిల్లల కోసం మినీ క్లబ్ మొదలుపెట్టింది. కూతురి గోడు విన్న తండ్రి, మనవణ్ణి చూసుకున్న తాత, జీతానికి ఆటలాడించే కుర్రవాళ్ళు: పాత దాది పని ఇలా ముక్కలైంది.

తెలుగు ఇళ్ళలో ఆ పని ఇంకా ముక్కలు కాలేదు. లండన్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కూతురి కాన్పుకని వెళ్ళిన అమ్మమ్మ, సెలవుల్లో వాళ్ళతో సముద్రానికీ బయల్దేరుతుంది. పెరుగన్నం డబ్బా, ఉడకబెట్టిన నీళ్ళు, ఇంకో జత బట్టలు ఆమె సంచిలో. మధ్యాహ్నం పిల్లాడి నిద్రవేళకు గది చేరాలి కాబట్టి పడవ షికారు పొద్దున్నే, చేపల అక్వేరియం సాయంత్రం. విమాన సంస్థల లెక్క వేరు. రెండేళ్ళు నిండని బిడ్డ పెద్దవాళ్ళ ఒడిలో కూర్చోవచ్చు, చాలా అంతర్జాతీయ విమానాల్లో టికెట్ పెద్దల ధరలో పదో వంతు. అందుకే రెండో పుట్టినరోజు లోపే తిరుగు ప్రయాణం కూడా అయిపోయేలా తేదీలు చూసుకునే వాళ్ళు ఎందరో.