అనుము, అనప, పితికిపప్పు: ఒక మెట్టపంట పేర్ల చరిత్ర

ఒక్క దీర్ఘం తేడాతో వేరైపోయే రెండు కాయలు తెలుగులో ఉన్నాయి. ఉత్తరాంధ్రలోనూ గోదావరి జిల్లాల్లోనూ ‘ఆనపకాయ’ అంటే సొరకాయ. చిత్తూరు ప్రాంతంలో ‘అనపకాయ’ అంటే చిక్కుడు జాతికి చెందిన ఒక మెట్టపంట కాయ. చిత్తూరు మాండలికంలో వెలువడిన కథను శ్రీకాకుళం పాఠకుడు చదివినప్పుడు, అచ్చులో ఆ దీర్ఘం అటూ ఇటూ అయితే, సంక్రాంతి వంట పూర్తిగా మారిపోతుంది. ఇది కేవలం ముద్రణ దోషానికి సంబంధించిన సమస్య కాదు. ఈ పంట పేరు ప్రామాణిక తెలుగులో స్థిరపడకపోవడం దీనికి మూలం.

వృక్షశాస్త్రం దృష్టిలో చిక్కుడు, అనుము ఒకే జాతి. రెండింటి శాస్త్రీయ నామం లాబ్‌లాబ్ పర్ప్యూరియస్. పెరటి పందిరిపై పాకి లేతకాయ కూరకు వచ్చేది చిక్కుడు. చేలో సాళ్లుగా పెరిగి గింజకోసం పండేది అనుము. సంస్కృత వైద్యగ్రంథాల్లోని ‘నిష్పావం’ కూడా ఈ జాతే. దీని వన్యరూపాలు ఆఫ్రికాకు చెందినవి. దక్షిణ దక్కనులోని నవీన శిలాయుగ స్థలాల్లో, బళ్లారి సమీపాన ఉన్న సంగనకల్లు వంటి చోట్ల, దీని గింజల అవశేషాలు బయటపడ్డాయి. అంటే క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది నాటికే ఇది ఈ నేలకు చేరింది. ఉలవ, పెసర ఇక్కడి సొంత పంటలు కాగా అనుము వలస వచ్చి స్థిరపడిన పంట.

భాష ఈ ఒక్క జాతిని రెండుగా విడదీసింది. తెలుగు ఇళ్లలో రథసప్తమినాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదిస్తారు. పెరటి తీగకు ఆ విధంగా పూజలోనూ పుస్తకంలోనూ చోటు దక్కింది. చేలోని అనుము మాత్రం మాండలికాలకే పరిమితమైంది. దానికి అర్థం ఇవ్వవలసి వచ్చినప్పుడు ‘ఒక రకం చిక్కుడు’ అని సరిపెట్టడం పరిపాటి. వృక్షశాస్త్రపరంగా అది తప్పు కాదు. కానీ ఆ అర్థం చదివినవారికి చేను కాక పెరడు కళ్లముందు మెదులుతుంది.

‘అనుము’ నుంచి ‘అనప’ ఏర్పడిన తీరు ఊహించడం కష్టం కాదు. మువర్ణకానికి సమాసంలో ‘పు’ వచ్చే పద్ధతి తెలుగు వ్యాకరణానికి పరిచితమే. అనుము, కాయ కలిసి అనుపుకాయ, అనుపకాయ, అనపకాయ అయి ఉండవచ్చు. సొరకాయకు గల ‘ఆనుగపుకాయ’ అనే రూపంలోనూ ఇదే ‘పు’ కనిపిస్తుంది. సంబంధం లేని రెండు మాటలు ఒకే మార్గంలో నడిచి ఇంచుమించు ఒకే రూపానికి చేరాయన్న మాట. అయితే నల్లగొండ జిల్లాలోని ‘అనుముల’ అనే ఊరిపేరును ఈ పంటతో వెంటనే ముడిపెట్టడం తొందరపాటు. బెంగళూరు విషయంలో జరిగినదే అందుకు హెచ్చరిక. హొయసల రాజు బల్లాళునికి ఒక వృద్ధురాలు ఉడికించిన గింజలు పెట్టగా ‘బెందకాళూరు’ అనే పేరు వచ్చిందని కథ ఉంది. కాని బేగూరులోని వీరగల్లు శాసనం ఆ రాజుకు రమారమి మూడు శతాబ్దాల ముందే ‘బెంగుళూరు’ను పేర్కొంటున్నది.

పేర్లన్నింటిలో అధిక చారిత్రక విలువ గలది ‘పితికిపప్పు’. పచ్చి అనపగింజలను కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు జారి బయటపడుతుంది. ఆవును పితికేటప్పుడు వాడే క్రియనే ఇక్కడా వాడతారు. కన్నడంలో ఇదే పప్పు ‘హితికిద బేళె’. ఉత్తర తమిళనాట ‘పితుక్కుప్పరుప్పు’. మూడు భాషలూ ఒకే చేతిపనిని పేరుగా చేసుకున్నాయి. కన్నడంలో అది భూతకాలిక విశేషణం, తమిళంలో ధాతురూపం. తెలుగులో క్త్వార్థకంలా కనిపిస్తున్నా ‘పితికిన పప్పు’ కుదించుకుపోయిన రూపం కావచ్చు. పాలు హాలుగా, పులి హులిగా మారిన కన్నడ పకార హకార పరిణామం ‘హితికిద’లోనూ ఉంది. ఆ మార్పు తరువాత తెలుగు ఈ మాటను ఎరువు తెచ్చుకొని ఉంటే ఆ హకారమే కనబడవలసింది. కాబట్టి శబ్దం తెలుగుదే. వంట ఎవరిది అన్న ప్రశ్నకు భాషాసాక్ష్యం సమాధానం ఇవ్వదు. కోలారు, చింతామణి, పలమనేరు, మదనపల్లె ఒకే మెట్టభూమిలోని ఊళ్లు. కోలారు ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ అనేకం. రాగిసంగటితో పితికిపప్పు పులుసు ఆ సరిహద్దుకు రెండువైపులా తినేదే.

ఈ పేర్లకు ఋతువుతో విడదీయరాని సంబంధం ఉంది. నాటు అనుము పగటి పొడవును బట్టి నడిచే పంట. జూన్, జూలైలలో వేరుశనగ సాళ్ల మధ్య విత్తితే మొక్క ఎదుగుతూనే ఉంటుంది గాని పొద్దు తగ్గేవరకు పూతకు రాదు. వేరుశనగ పీకిన తరువాత ఖాళీ అయిన చేనంతా తీగ పరచుకొని, మార్గశిర పుష్య మాసాల మంచులో కాయ నిండుతుంది. తొక్కమీది జిడ్డుకు ఘాటైన వాసన ఉంటుంది. మంచు ఎంత పడితే కాయకు అంత వాసన అని రైతుల నమ్మకం. ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ రాయలసీమ మెట్టను ఆక్రమించినప్పుడు చిరుధాన్యాలు వెనక్కు తగ్గాయి; అనుము మాత్రం ఆ పంట నడుమనే సాలుగా నిలిచింది. విత్తనాలకు ఎర్రమన్ను పట్టించో బూడిద కలిపో కుండల్లో దాచే పని ఎక్కువగా స్త్రీలదే. వచ్చే ఏటికి ఏ గింజ నిలపాలో నిర్ణయించినవారూ వారే.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన హెబ్బాళ అవరె రకాలు, ముఖ్యంగా మూడు, నాలుగు సంఖ్యలవి, పగటి పొడవుతో నిమిత్తం లేకుండా త్వరగా కాస్తాయి. రైతుకు ఏడాది పొడవునా ఆదాయమిచ్చే మార్గం కనుక వాటిని తప్పుపట్టడానికి వీలు లేదు. అయితే వేసవిలో కాసిన కాయకు ఆ వాసన ఉండదన్న ఫిర్యాదు తినేవారి నుంచి తరచు వినిపిస్తుంది. భాషా పరిశోధకునికి సమస్య మరొకటి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించింది. నాడు పదసేకర్తకు ఎదురుగా చేను ఉంది, పండించే మనిషి ఉన్నాడు. గింజ రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి, కాపు కాలాన్ని బట్టి నాటు రకాలను ఊరివారు వేరుచేసి చెప్పే మాటలు, విత్తనం మారిన చేలో అడిగితే దొరకవు. నేడు బెంగళూరు సంతల్లో చలికాలమంతా తోలు తీసిన పప్పు సిద్ధంగా దొరుకుతుంది. కొన్నవారు పితికే పని లేకుండానే దానిని హితికిద బేళె అని పిలుస్తున్నారు.