ఛాయా సోమేశ్వరుని నీడ

నల్లగొండ పట్టణమునకు చేరువనున్న పానగల్లులో, ఉదయసముద్రమను చెరువు దాపున, ఛాయా సోమేశ్వరాలయము కలదు. కందూరు చోడుల కాలమున, అనగా సుమారు 11, 12 శతాబ్దులలో, వెలసిన త్రికూటాలయమిది. ఒకే మండపమునకు మూడు గర్భగుడులు. వానిలో ఒకదానియందు శివలింగముపై స్తంభము వంటి నీడ పగలెల్ల నిలిచియుండును. ప్రొద్దు ఎంత తిరిగినను ఆ నీడ కదలదు. స్వామికి పేరే దానిని బట్టి వచ్చినది.

ఆ నీడను చూడవచ్చువారిలో నేడు చేత కెమెరా ఫోను లేనివారు అరుదు. లోపల చీకటిగా నున్నదని ఫోను తనంతట తానే ఫ్లాషు వెలిగించును. తెల్లని వెలుగు భగ్గుమని గోడపై పడును, నీడ మాయమగును. ఇంటికి పోయి చూచుకొన్నచో లింగము కనబడును, పూలదండ కనబడును, ఏ ఛాయ కొరకు అంత దూరము పోయితిమో అది మాత్రము కనబడదు. మొదటిసారి నా గతియు ఇంతే అయినది.

ఫోటోను మన పెద్దలు ఛాయాచిత్రమనిరి. వెలుగు ఎంత ముఖ్యమో నీడయు అంత ముఖ్యమని ఆ మాటలోనే ఉన్నది. వాడుకలో మనము "ఫోటో దిగుట" అందుము. నూతిలోనికో చెరువులోనికో దిగినట్లు! వెనుకటి కాలమున అది నిజముగా దిగుటయే. 1839లో ఫ్రాన్సు దేశమున డాగెర్ పద్ధతి వెల్లడియైనప్పుడు, ఒక్క పటమునకై నిమిషముల తరబడి కదలక కూర్చుండవలసి వచ్చెడిది. 1870 తరువాత పొడి పలకలు వచ్చి ఆ కష్టమును చాల తగ్గించెను.

మన రాష్ట్రమున ఈ విద్యకు పేరు తెచ్చినవాడు రాజా దీనదయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో కొలువు చేయుచు ఛాయాగ్రహణము నేర్చెను. పిమ్మట హైదరాబాదు చేరి ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను ఆస్థానమున నిలిచెను. పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు వచ్చినది ఈ ప్రభువు పేరిటనే. 1894లో ఆయన దీనదయాళునకు ముసవ్విర్ జంగ్ బిరుదమిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిన దూరదృష్టి ఆయనది. 1905లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఆయన పనిముట్లు చూడుడు: బరువైన కెమెరా, ముక్కాలి పీట, గాజు పలకలు, నల్లని గుడ్డ. పలక విలువైనది గనుక, పటము తీయుటకు ముందే ఎండ ఎటునుండి వచ్చునో, ఏ గడియకు గోడపై శిల్పము తేరుకొనునో చూచుకొనవలసినదే. నేడు వేయి పటములు తీసినను కానీ ఖర్చు లేదు. ఆ సౌకర్యమే మనలను తొందరపాటువారిని చేసినదని నా అభిప్రాయము. జపానులో కెమెరా ఫోను అంగడికి వచ్చినది మొదలు యంత్రము ఎంతయో మెరుగుపడినది. వెలుగు స్వభావము మాత్రము మారలేదు.

పానగల్లు నీడ సంగతియే చూడుడు. అది నేరుగా పడు ఎండ వలన కలిగినదైనచో గడియగడియకు జరుగవలెను. మండపమునకు ఇరువైపుల నుండి చెదరివచ్చు వెలుగు స్తంభముల నడుమగా లోనికి చేరును. స్తంభములు అడ్డుపడిన మేర నీడ నిలుచును. ఇంత మెత్తని వెలుగును ఫ్లాషు చంపివేయక ఏమి చేయును?

రెండవసారి అర్చకుని అనుమతి అడిగి, ఫ్లాషు ఆర్పి, ఫోనును స్తంభమునకు ఆనించి పట్టితిని. చీకటిలో ఫోను వెలుగును ఎక్కువసేపు గ్రహించును, కొన్ని పటములను కలిపి ఒకటి చేయును. ఆ లోపల చేయి వణకినచో పటము అలుకుకొనిపోవును. తెరపై గోడ వెలుగుగానున్న చోట వ్రేలితో తాకినచో, ఫోను ఆ వెలుగునకు తగినట్లు సర్దుకొని నీడను నీడగానే ఉంచును. అట్లు తీసిన పటములో స్వామి ఛాయ దక్కినది.

అదే ఊరి పచ్చల సోమేశ్వరాలయ శిల్పములకు మరియొక ఉపాయము కావలెను. మిట్టమధ్యాహ్నము తీసినచో రాయి చదునుగా కనబడును. ఉదయమో సాయంకాలమో ఎండ ఏటవాలుగా పడునప్పుడు ప్రతి గీతయు లేచి నిలుచును. అరిగిన శాసనములకు ఇది మరింత అవసరము. ప్రక్కనుండి వెలుగు పడనిదే అక్షరము చదువ శక్యము కాదు.

ఇది వినోదము కొరకే చెప్పుట కాదు. నల్లగొండ జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న ఏలేశ్వరము నాగార్జునసాగరము క్రింద మునిగినది. అంతకుముందే పురావస్తు శాఖవారు అక్కడ త్రవ్వకములు జరిపిరి. ఆ స్థలమును ఇప్పుడు చూడగోరువారికి నాటి పటములే దిక్కు. శ్రీశైల జలాశయపు ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయిగా విప్పి, పాత పాలమూరు జిల్లాలోని అలంపురమునకు తెచ్చి మరల కట్టిరి. అన్ని గుళ్ళకును అట్టి భాగ్యము లేదు. పొలముల గట్లపై, చెరువు కట్టలపై పేరు లేని వీరగల్లులు, విరిగిన శాసనములు ఎన్నియో నేటికిని పడియున్నవి. వానిని తీయువారు మొదట రాయి మొత్తము, పిదప దగ్గరగా అక్షరములు, చివరకు చుట్టుప్రక్కల గురుతులు కనబడునట్లు మరియొకటి తీయవలెను. సున్నము గాని, సుద్ద గాని రాతికి పూయరాదు. ఊరి పేరు, తేదీ వెంటనే వ్రాసి పెట్టుకొనవలెను. వేల పటముల నడుమ ఏది ఏ ఊరి రాయియో ఏడాది తిరుగకమునుపే మనమే మరచిపోదుము.