3.4 పెరుగు, పెద్దపేగు: మెచ్నికోవ్ సిద్ధాంతం

పేగుల్లోని బాక్టీరియాకూ ఆరోగ్యానికీ గల సంబంధాన్ని ప్రజల దృష్టికి తెచ్చినవారిలో ఇల్యా మెచ్నికోవ్ ముఖ్యుడు. రష్యా సామ్రాజ్యంలో జన్మించిన ఈయన 1888 నుంచి పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. రోగనిరోధక శక్తిపై పరిశోధనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు.

పెద్దపేగులో ఆహార శేషాలు కుళ్ళి, అక్కడి విషాలు రక్తంలో చేరడం వల్ల వార్ధక్యం త్వరగా వస్తుందని మెచ్నికోవ్ భావించాడు. 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ బల్గేరియా పెరుగులో లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాను గుర్తించాడు. ఆ ఆమ్లం కుళ్ళును అరికడుతుందని మెచ్నికోవ్ వాదించాడు. దీంతో ఐరోపాలో పులిసిన పాలకు గిరాకీ పెరిగింది.

పెరుగు తినడం చాలామందికి హానికరం కాదు. కాని పేగు విషాల భావన అక్కడితో ఆగలేదు. లండన్‌లో శస్త్రవైద్యుడు ఆర్బత్‌నాట్ లేన్ మలబద్ధకంతో బాధపడే రోగులకు పెద్దపేగునే తొలగించాడు. వారిలో కొందరు మరణించారు. 1921లో అమెరికా శాస్త్రజ్ఞులు రెట్గర్, చెప్లిన్ బల్గేరియా బాక్టీరియా మనిషి పేగులో స్థిరపడదని చూపారు.

పేగు బాక్టీరియా ముఖ్యమన్న మెచ్నికోవ్ ఊహ నిలిచింది. ఆయన చెప్పిన కారణం నిలవలేదు. రుజువు కాకముందే చికిత్సగా మారిన సిద్ధాంతానికి మూల్యం చెల్లించింది రోగులే. కనుక నేటి ప్రొబయోటిక్ ప్రకటనలను చదివేటప్పుడు ఏ బాక్టీరియా, ఏ వ్యాధికి, ఏ పరీక్షలో పనిచేసిందని అడగాలి.