పంతులికి పట్టా: తెలుగునాట ఉపాధ్యాయ అర్హత చరిత్ర

ఉపాధ్యాయ శిక్షణ చరిత్ర మీద తెలుగులో వచ్చిన వ్యాసాలు చాలావరకు ఒకే మెట్ల వరుస ఎక్కుతాయి. 1854 వుడ్ నివేదిక, 1856 మద్రాసు నార్మల్ స్కూలు, 1882 హంటర్ కమిషన్, 1986 జాతీయ విద్యావిధానం, డైట్‌లు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు), టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష). ఒక్కో మెట్టు దగ్గరా అర్హత పెరిగిందని, అర్హతతోపాటు బోధన కూడా మెరుగైందని అవి చెబుతాయి. డీఈడీ, బీఈడీ విద్యార్థులు పరీక్ష కోసం బట్టీపట్టేదీ ఈ వరుసనే. ఇందులోని సంవత్సరాలతో నాకు పేచీ లేదు. చెప్పే కారణాలతోనే ఉంది. పంతులికి ఎంత అర్హత ఉండాలో చాలాసార్లు తేల్చింది బోధన గురించిన ఆలోచన కాదు. అతని జీతం ఎవరివ్వాలి, ఎంతివ్వాలి అన్న లెక్క. ఆ లెక్కను పక్కన పెడితే నేటి టెట్, డీఎస్సీ నియామకాల తీరు అర్థం కాదు.

తొలి దశ అందరికీ తెలిసిందే. వీధి బడిలో అయ్యవారు ఇసుకలో అక్షరాలు దిద్దించేవాడు. చదువులో ముందున్న పిల్లవాడు వెనకున్నవాడికి చెప్పేవాడు. మద్రాసు ఎగ్మూరు అనాథ శరణాలయంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం చూశాక తన పద్ధతిని రూపొందించి, 1797లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరు నిలిచింది. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో తన జిల్లాలోని 533 బడుల గురించి రాస్తూ, పిల్లల చేత పిల్లలకు చెప్పించే ఈ పొదుపైన తీరును మెచ్చుకున్నాడు. చదివినదాని అర్థం పిల్లలకు తెలియడం లేదనీ అదే నివేదికలో రాశాడు. ఈ బడుల గురించి ధరంపాల్ రాసిన పుస్తకం వచ్చాక మొదటి మాటే ప్రచారంలోకి వచ్చింది, రెండోది మరుగున పడింది. రెండూ నిజమే. 1826లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కూర్చిన లెక్కల్లో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు ఉన్నారు. వారిలో ఆడపిల్లలు 4,540 మందే. అంటరానివారిగా చూసిన కులాల పిల్లలకు అయ్యవారి అరుగు దరిదాపుల్లో చోటే లేదు. వీధి బడిని బంగారు యుగంగా చూపడానికి ఈ అంకెలు ఒప్పుకోవు.

అయినా మన్రో 1826 మార్చి 10 నాటి నివేదికలో ఒక వాక్యం దగ్గర ఆగాలి. ఉపాధ్యాయులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని, ఆ రాబడితో తగిన చదువున్నవాళ్ళు ఈ వృత్తిలోకి రారని ఆయన తేల్చాడు. అందుకే ప్రతి కలెక్టరేటులోనూ, తాలూకాల్లోనూ జీతమిచ్చే బడులు, వాటికి పంతుళ్ళను తయారుచేయడానికి మద్రాసులో ఒక కేంద్ర పాఠశాల ఉండాలన్నాడు. జీతం, శిక్షణ రెండూ జోడెద్దుల్లా కలిసి నడవాలని ఇక్కడ స్పష్టంగా చెప్పిన తొలి పాలకుడు ఆయనే అనుకుంటాను. 1827 జులైలో కర్నూలు ప్రాంతంలోని పత్తికొండలో కలరాతో మన్రో చనిపోయాడు. పథకం పదేళ్ళు ఈడ్చుకుని ఆగిపోయింది. జోడులో ఒక ఎద్దును విప్పేసి బండి తోలే అలవాటు ఆ తర్వాత మొదలైంది.

ఇక్కడి నుంచి నలభై ఏళ్ళను మన వ్యాసాలు రెండు పేరాల్లో దాటేస్తాయి. నా దృష్టిలో అసలు కథంతా ఆ నలభై ఏళ్ళలోనే ఉంది.

1850ల మధ్యలో రాజమండ్రి సబ్‌కలెక్టరు జి.ఎన్. టేలర్ ప్రోత్సాహంతో నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు లేచాయి. రైతులు భూమి శిస్తు మీద కొంత అదనంగా కట్టి వాటిని నడపడానికి ఒప్పుకున్నారు. 1863 విద్యా చట్టం ఈ ఏర్పాటుకు చట్టబద్ధత ఇచ్చింది. గోదావరి డెల్టా అప్పుడప్పుడే ఆనకట్ట నీళ్ళతో పచ్చబడుతోంది. చదువు మీద ఖర్చుపెట్టే స్తోమత రైతుకు వస్తోంది. ఊరే పన్ను కట్టి పంతులికి నెల జీతమివ్వడమనే ఈ ప్రయోగం నిలబడి ఉంటే శిక్షణ చరిత్ర వేరే దారి పట్టి ఉండేదని నా నమ్మకం. చట్టం బలవంతంగా మారిన చోట జనం వ్యతిరేకించారన్నదీ నిజమే. అందుకే ఇది నిరూపించగలిగిన మాట కాదు, నమ్మకమే అంటున్నాను.

రుజువున్న మాట వేరే ఉంది. 1860ల్లో మద్రాసు ప్రభుత్వం సహాయ నిధిని రెండు పాయలుగా చీల్చింది. పై తరగతుల బడుల్లో, విద్యాశాఖ ఇచ్చే సర్టిఫికెట్టు ఉన్న ఉపాధ్యాయుడి జీతంలో కొంత భాగాన్ని సర్కారే భరించేది. సర్టిఫికెట్టు శ్రేణిని బట్టి ఆ భాగం పెరిగేది. ఊరి బడులకు మాత్రం ‘ఫలితాల గ్రాంటు’ వచ్చింది. ఇనస్పెక్టరు వచ్చి ఒక్కో పిల్లవాడినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. పాసైన తలకు ఇంత అని డబ్బిస్తాడు. పంతులికి శిక్షణ ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడ అవసరమే లేదు. 1862లో రాబర్ట్ లో ఇంగ్లండులో పెట్టిన పద్ధతి ఇది. చవకైనది కాబట్టి ఇక్కడ త్వరగానే పాతుకుంది.

ఈ చీలిక రెండు పనులు చేసింది. మొదటిది, సర్టిఫికెట్టును జీతానికి తాళంచెవిగా మార్చింది. నార్మల్ స్కూలు గడప తొక్కనివాడూ పరీక్ష రాసి సర్టిఫికెట్టు సంపాదించే దారి ఉండేది. దాంతో పాఠం చెప్పడం నేర్చుకోవడం ఒక పని, అర్హత సంపాదించడం మరొక పని అయ్యాయి. రెండోది, శిక్షణ ఎవరికి ఎక్కువ కావాలో వాళ్ళకే దూరమైంది. అక్షరం తొలిసారి నేర్పేది ఊరి పంతులు. అతని శిక్షణ మీద మాత్రం పెద్దగా ఖర్చు పెట్టలేదు. కాలేజీ చదివి హైస్కూలుకు వచ్చేవాడికి మద్రాసులోని సైదాపేట శిక్షణ కాలేజీ, ఎల్‌టీ అనే బోధనార్హత పట్టా ఉన్నాయి. తత్త్వశాస్త్రం చెప్పే సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను కూడా 1910లో ఉద్యోగ నిబంధన కిందే సైదాపేటకు పంపారు. అరుగు మీది అయ్యవారికి మాత్రం ఇనస్పెక్టరు రాకే శిక్షణ.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. ఫలితాల గ్రాంటు లేకపోతే వేలాది వీధి బడులు సర్కారు కంటికి ఆనేవే కావని, లెక్కలు, భూగోళం వాటిలోకి దూరేవే కావని ఆనాటి అధికారులు వాదించారు. బడుల సంఖ్య పెరిగిన మాట కాదనలేనిది. హంటర్ కమిషన్ కూడా 1882లో మద్రాసు అనుభవాన్ని పూర్తిగా కొట్టివేయలేదు. కానీ అదే కమిషన్, హైస్కూలు ఉపాధ్యాయుడికి బోధనాసూత్రాల్లో, బోధనలో పరీక్ష పాసు కావడాన్ని శాశ్వత ఉద్యోగానికి షరతు చేయమంది. పై బడికి షరతు, కింది బడికి గ్రాంటు అన్న తేడా దాంతో మరింత గట్టిపడింది. 1904లో భారత ప్రభుత్వ విద్యావిధాన తీర్మానం ఫలితాల గ్రాంటును వదిలేయమని, శిక్షణ మీద దృష్టి పెట్టమని చెప్పేదాకా రెండు తరాల పిల్లలు ఆ పరీక్షల కిందే చదివారు. రాజమండ్రిలో 1894లో మొదలైన శిక్షణ కళాశాల తెలుగు జిల్లాలకు పెద్ద దిక్కే అయినా, పల్లె బడుల అవసరంతో పోలిస్తే అది చాలా చిన్నది.

ఈ నష్టాన్ని బడి లోపలి నుంచి చూసినవాళ్ళు ఉన్నారు. ఉత్తర సర్కారుల్లో ఇనస్పెక్టరుగా తిరిగిన జె.ఏ. యేట్స్ పిల్లలు తమకు అర్థంకాని గ్రాంథికాన్ని వల్లెవేయడం తరగతిలో కూర్చుని గమనించాడు. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి ఆ సమస్యను 1906-07 ప్రాంతంలో చేతికి తీసుకున్నారు. అలా మొదలైన వ్యావహారిక భాషోద్యమాన్ని మన సాహిత్య చరిత్రలు కవుల తగాదాగా రాస్తాయి. దాని పుట్టుక బోధనాపద్ధతి ప్రశ్నలో ఉంది. పంతులు ఏ భాషలో చెప్పాలి, పిల్లవాడు ఏ భాషలో రాయాలి అన్న దాంట్లో ఉంది. శిక్షణ పాఠశాలలు ఆ ప్రశ్నను తమదిగా చేసుకుని ఉంటే ఆ వివాదం అన్ని దశాబ్దాలు సాగేది కాదు.

అర్హత పత్రం మీద నా విమర్శకు ఒక హద్దు పెట్టుకోవాలి. కులం తలుపులు మూసిన చోట ఈ కాగితమే తలుపు తెరిచింది. బాపట్లలో బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు నడిపిన శిక్షణ పాఠశాలల నుంచి మాల, మాదిగ పల్లెల్లోని యువకులు పంతుళ్ళుగా బయటికి వచ్చారు. గుర్రం జాషువా గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో దాదాపు పదేళ్ళు పనిచేశారు. పౌరోహిత్యం, కరణీకం వంటి వంశపారంపర్య వృత్తులేవీ అందని ఇంటికి నెలనెలా జీతం తెచ్చిన తొలి పత్రం చాలాచోట్ల ట్రైనింగ్ సర్టిఫికెట్టే. ఆడవాళ్ళకూ, ముఖ్యంగా చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్నవాళ్ళకూ ఇదే దారి అయింది. వీధి బడి అయ్యవారు ఎంత గొప్పవాడైనా వాళ్ళకు ఈ దారి చూపలేదు.

నిజాం రాజ్యంలో చిక్కు వేరు. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో నడిచింది. సర్కారు బడుల్లోనూ ఉర్దూదే పైచేయి. 1920ల్లో ఖానగీ (ప్రైవేటు) పాఠశాలలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. తెలుగు పిల్లలకు తెలుగులో చెప్పాలనుకున్నవాడికి శిక్షణా అందలేదు, బడి తెరిచే స్వేచ్ఛా లేదు. 1930 జోగిపేట ఆంధ్ర మహాసభ నుంచి మాతృభాషలో చదువు అన్న కోరిక పదేపదే వినిపించడానికి ఇదీ ఒక కారణం.

స్వాతంత్ర్యం తర్వాతి దశను త్వరగా చెప్పుకోవచ్చు. ఎనిమిదో తరగతి మీద హయ్యర్ గ్రేడ్, ఎస్‌ఎస్‌ఎల్‌సీ మీద సెకండరీ గ్రేడ్, భాషా ప్రవీణ మీద పండిత శిక్షణ. ఇలా పాత శ్రేణులే కొత్త పేర్లతో సాగాయి. శిక్షణ సంస్థలు బడులకు దూరంగా తమలో తాము బతుకుతున్నాయని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 1980ల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను వేసింది. పదవీ విరమణ అయ్యేదాకా వాళ్ళు ఆ సర్వీసు లెక్క కోసం పోరాడుతూనే ఉన్నారు. తర్వాత విద్యా వాలంటీర్లు వచ్చారు. పేరేదైనా లెక్క 1860ల నాటిదే: బడి తెరవాలి, పంతులు చవకగా రావాలి.

ఆ కాలంలోనూ మంచి ప్రయత్నం లేకపోలేదు. బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (ఏపీపీఈపీ) పల్లె టీచర్లను ఉపాధ్యాయ కేంద్రాల్లో కలిపి, ఒకరి పాఠం మరొకరు చర్చించుకునేలా చేసింది. అందులో పనిచేసిన పెద్దలు ఇప్పటికీ దాన్ని ఇష్టంగా తలుచుకుంటారు. ప్రాజెక్టు ముగిశాక ఆ కేంద్రాలు పేరుకు మిగిలాయి. 1986 విధానం వల్ల వచ్చిన డైట్‌లు ఉమ్మడి జిల్లాకొకటి ఉన్నా, చాలాచోట్ల ఖాళీ పోస్టులతో, డిప్యుటేషన్లతో నడుస్తున్నాయి. ఈలోగా ప్రైవేటు బీఈడీ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ‘నాన్ అటెండింగ్’ అన్న మాట తెలుగునాట ఎవరికీ వివరించనక్కర్లేనంత మామూలైంది. లెసన్ ప్లాన్ రికార్డులు బజారులో రాయించుకుంటారు. 2015 నుంచి బీఈడీ రెండేళ్ళయింది, నిబంధనల్లో 20 వారాల బడి అనుభవం చేరింది. కాలేజీకే వెళ్ళనివాడికి ఆ 20 వారాలు కాగితం మీదే గడుస్తాయి.

ఈ లోపానికి మందుగా అంతకుముందే టెట్ వచ్చింది. విద్యాహక్కు చట్టం కింద 2010 ఆగస్టులో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) దాన్ని తప్పనిసరి చేసింది. మన దగ్గర తొలి టెట్ 2011లో జరిగింది. 150 మార్కులు, అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే. మనస్తత్వవేత్తలు పియాజే, వైగోట్‌స్కీల పేర్లు గుర్తుపట్టడం అందులో పరీక్ష అవుతుంది, రెండో తరగతి పిల్లకు తీసివేత అర్థమయ్యేలా చెప్పడం కాదు. డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకు, 20 టెట్‌కు. పాఠం చెప్పి చూపించడానికి ఒక్క మార్కూ లేదు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు, ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ఎంపిక ఈ దారినే జరిగింది. ఆ పోస్టుల కోసం అవనిగడ్డ గదుల్లో, హైదరాబాద్ అశోక్‌నగర్ లైబ్రరీల్లో ఏళ్ళు గడిపినవాళ్ళ శ్రమను తక్కువ చేయను. సిఫార్సుకూ లంచానికీ తావు లేకుండా మెరిట్‌తో ఉద్యోగమిచ్చే ఏర్పాటును పేద ఇళ్ళ పిల్లలు నమ్ముకోవడం న్యాయమే. వాళ్ళు చదివేది మాత్రం ఉద్యోగానికి పనికొచ్చే చదువు, తరగతిగదికి పనికొచ్చేది కాదు.

2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రాథమిక బడికి బీఈడీ చాలదని చెప్పింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య అన్న గుర్తింపు ఉన్న ఆ తీర్పు నాకు సమ్మతమే. 2025 సెప్టెంబరులో అదే కోర్టు, సర్వీసులో అయిదేళ్ళకు మించి మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాస్ కావాలన్నది. ఇది నన్ను కలవరపెడుతోంది. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి ఎలా చెబుతున్నాడో తెలుసుకోవాలంటే అతని తరగతిలో కూర్చోవాలి. కూర్చునే ఇనస్పెక్టర్లను, డైట్ అధ్యాపకులను పోషించడం ఖర్చు. పరీక్ష పెట్టడం చవక.

పరీక్షలు ఎత్తేయాలని నేను కోరడం లేదు. ఎంపిక పరీక్ష ఎంపికకే ఉండాలి. ఎంపికైన ప్రతి ఒక్కరికీ మొదటి ఏడాది పూర్తి జీతంతో, మంచి పేరున్న ఒక సీనియర్ టీచరు పక్కన, ఒకే బడిలో శిక్షణ ఇవ్వాలి. ఏడాది చివర వాళ్ళ పాఠాన్ని చూసి పర్మినెంటు చేయాలి. డైట్ ఖాళీలను నింపి ఆ పని అక్కడి అధ్యాపకులకు అప్పగించాలి. హాజరు లేని కాలేజీల గుర్తింపు రద్దు చేయాలి. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. వీటి వెనకున్న సూత్రాన్ని, జీతం, శిక్షణ కలిసి నడవాలన్నదాన్ని, మన్రో 1826లోనే రాశాడు. ఇన్నాళ్ళూ ఆగింది ఆలోచన లేక కాదు, ఖర్చుకు వెనకాడి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ ఖర్చును బడ్జెట్‌లో చూపించేదాకా, అర్హత పెరిగిందన్న వాటి ప్రకటనలను నేను చరిత్రగా ఒప్పుకోలేను.