అమెరికా జీతం.. కెనడా భరోసా: పొరుగు దేశాల్లో సాఫ్ట్‌వేర్‌ కొలువుల తీరు

సాఫ్ట్‌వేర్‌ కొలువు కోసం ఉత్తర అమెరికా ఖండానికి పయనమయ్యే తెలుగు యువత ముందు రెండు దారులున్నాయి. ఒకటి అమెరికా, రెండోది దాని ఉత్తర సరిహద్దున ఉన్న కెనడా. సియాటెల్‌ నుంచి వాంకూవర్‌కు రోడ్డుమార్గాన దూరం సుమారు 230 కిలోమీటర్లే. చాలా సంస్థలకు రెండు నగరాల్లోనూ కార్యాలయాలున్నాయి. చేసే పని ఒక్కటే అయినా వేతనం వేరు, సెలవులు వేరు. ఉద్యోగం పోయిన మర్నాడు ఎదురయ్యే పరిస్థితి అసలే వేరు.

విద్యారుణం కోసం ఇల్లో పొలమో తనఖా పెట్టిన కుటుంబాలు సాధారణంగా జీతం అంకెనే చూస్తాయి. ఆ అంకె వెనుక ఉన్న నిబంధనలను కూడా కలిపి చూస్తేనే అసలు లెక్క తేలుతుంది. రెండు దేశాల్లోని వేతనాలు, పని పరిస్థితులు, నివాస హక్కుల వివరాలతో సమగ్ర కథనం.

జీతంలో తేడా ఎంత?

అమెరికా కార్మిక గణాంకాల విభాగం లెక్క ప్రకారం 2024 మే నాటికి అక్కడ సాఫ్ట్‌వేర్‌ డెవలపర్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,33,080 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి అంతకన్నా తక్కువ అందుతోంది. సాఫ్ట్‌వేర్‌ పరీక్షకులకు ఈ మొత్తం 1,02,610 డాలర్లు.

టొరంటో మెట్రోపాలిటన్‌ విశ్వవిద్యాలయానికి చెందిన డయాస్‌ సంస్థ 2023లో రెండు దేశాల సాంకేతిక నిపుణుల ఆదాయాలను పోల్చింది. మారకపు విలువను, జీవన వ్యయాన్ని సర్దుబాటు చేశాక కూడా అమెరికాలోని వారు సగటున 46 శాతం ఎక్కువ ఆర్జిస్తున్నట్లు తేల్చింది. కెనడా డాలరు విలువ అమెరికా డాలరు కన్నా తక్కువ. కనుక నియామక పత్రంలోని మొత్తం ఏ డాలర్లలో ఉందో ముందుగా గమనించాలి.

ఈ అంతరానికి ప్రధాన కారణాలు రెండు. పెద్ద సంస్థల ప్రధాన కార్యాలయాలు, పెట్టుబడి నిధులు అమెరికాలోనే కేంద్రీకృతమయ్యాయి. దీంతో నిపుణుల కోసం పోటీ అక్కడే ఎక్కువ. రెండోది వాటాల రూపంలో దక్కే ప్రతిఫలం. సిలికాన్‌ వ్యాలీ, సియాటెల్‌ సంస్థల్లో సీనియర్ల రాబడిలో మూల వేతనంతో పాటు కంపెనీ షేర్లకూ గణనీయమైన పాత్ర ఉంటుంది. కెనడా శాఖల్లోనూ షేర్లు ఇస్తారు గానీ స్థానిక మార్కెట్‌ స్థాయికి తగ్గట్లుగానే ఇస్తారు.

చేతికి మిగిలేది

పన్నుల విషయంలో దేశంతో పాటు రాష్ట్రాన్ని కూడా చూడాలి. అమెరికాలో సమాఖ్య ఆదాయ పన్ను గరిష్ఠ రేటు 37 శాతం. టెక్సాస్‌, వాషింగ్టన్‌ రాష్ట్రాల్లో వేతనంపై రాష్ట్ర పన్ను లేదు. కాలిఫోర్నియాలో ఉంది. కెనడాలోని ఒంటారియోలో సమాఖ్య, రాష్ట్ర పన్నులు కలిపి గరిష్ఠ రేటు 53.53 శాతం. అయితే ఇది మొత్తం ఆదాయానికి కాక, పై శ్లాబుకు మాత్రమే వర్తిస్తుంది.

అధిక పన్నుకు ప్రతిగా కెనడాలో దక్కే ప్రధాన సౌకర్యం వైద్యం. 1984 నాటి కెనడా ఆరోగ్య చట్టం ప్రకారం వైద్యుడి వద్ద పరీక్షకు, ఆసుపత్రి చికిత్సకు రోగి నుంచి రుసుము తీసుకోరు. మందులు, దంత వైద్యం, కళ్లద్దాల ఖర్చు చాలావరకు యజమాని ఇచ్చే అదనపు బీమాతో తీరుతుంది. కుటుంబ వైద్యుడు దొరకడం, నిపుణుల అపాయింట్‌మెంట్‌ లభించడం ఆలస్యమవుతాయన్నది అక్కడి వారి ప్రధాన ఫిర్యాదు. టొరంటో, వాంకూవర్‌లలో ఇంటి అద్దెలూ భారమే.

అమెరికాలో వైద్య బీమా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. పెద్ద సంస్థల్లో ఆ బీమా మెరుగ్గానే ఉంటుంది. ఉద్యోగం పోతే ‘కోబ్రా’ చట్టం కింద సాధారణంగా 18 నెలల వరకు దాన్ని కొనసాగించుకోవచ్చు. కానీ అప్పటిదాకా యజమాని కట్టిన వాటాను సైతం ఉద్యోగే భరించాలి.

పనిగంటలు: ఇద్దరిదీ ఒకే బాట

కెనడాలో పనిగంటల విషయంలో చట్టం కచ్చితంగా ఉంటుందన్న అభిప్రాయం ఉంది. సాఫ్ట్‌వేర్‌ రంగానికి సంబంధించి ఇది పూర్తిగా నిజం కాదు. అమెరికా సమాఖ్య చట్టం కంప్యూటర్‌ నిపుణులను అదనపు గంటల వేతనం నుంచి మినహాయించింది. వారానికి కనీసం 684 డాలర్ల జీతం, లేదా గంటకు కనీసం 27.63 డాలర్లు పొందుతూ నిర్దేశిత విధులు నిర్వర్తించే వారికి ఓవర్‌టైం చెల్లించనక్కర్లేదు. ఒంటారియో చట్టం సైతం ఐటీ నిపుణులను పనిగంటల పరిమితి నుంచి, ఓవర్‌టైం నుంచి తప్పించింది. బ్రిటిష్‌ కొలంబియాలోనూ ఉన్నత సాంకేతిక నిపుణులకు ఇలాంటి మినహాయింపే ఉంది.

పని వేళల తర్వాత ఉద్యోగుల విరామంపై 25 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు లిఖితపూర్వక విధానం ప్రకటించాలని ఒంటారియో 2021లో చట్టం తెచ్చింది. విధానం ఉండాలన్నదే ఆ చట్టం ఆదేశం. రాత్రివేళ ఫోను తీయకుండా ఉండే హక్కును మాత్రం అది నేరుగా ఇవ్వలేదు. పోటీ సంస్థలో చేరరాదన్న ఒప్పందాలను చాలామంది ఉద్యోగుల విషయంలో నిషేధించిందీ ఆ చట్టమే. కాలిఫోర్నియాలో ఇలాంటి ఒప్పందాలు 19వ శతాబ్దం నుంచే చెల్లవు.

సెలవులు, ప్రసవ విరామం

రెండు దేశాల మధ్య స్పష్టమైన తేడా కనిపించేది ఇక్కడే. ప్రైవేటు ఉద్యోగికి వేతనంతో కూడిన వార్షిక సెలవు ఇవ్వాలని అమెరికా సమాఖ్య చట్టం ఎక్కడా చెప్పదు. కంపెనీ విధానమే ఆధారం. ఒంటారియోలో ఏటా కనీసం రెండు వారాలు, అయిదేళ్ల సర్వీసు పూర్తయ్యాక మూడు వారాలు ఇవ్వాలి. వీటికి తోడు తొమ్మిది ప్రభుత్వ సెలవులుంటాయి.

అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవుల చట్టం 12 వారాల సెలవుకు హక్కు కల్పించింది. అదీ జీతం లేకుండానే. కాలిఫోర్నియా, వాషింగ్టన్‌, న్యూయార్క్‌ వంటి రాష్ట్రాలు సొంతంగా భృతి పథకాలు నడుపుతున్నాయి. కెనడాలో ఉద్యోగ బీమా కింద అర్హులైన తల్లికి 15 వారాల ప్రసూతి భృతి, ఆపై తల్లిదండ్రులు పంచుకునేలా 40 వారాల వరకు శిశు సంరక్షణ భృతి లభిస్తాయి. వేతనంలో 55 శాతం చొప్పున చెల్లిస్తారు. 2025లో దీని గరిష్ఠ పరిమితి వారానికి 695 కెనడా డాలర్లు. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగి అసలు జీతంతో పోలిస్తే ఇది తక్కువే అయినా, తిరిగి వచ్చేసరికి ఉద్యోగం ఉంటుందన్న రక్షణ చట్టబద్ధం.

కొలువు పోతే..

2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్‌ 12 వేల మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. కెనడాకు చెందిన షాపిఫై కూడా 2023 మేలో 20 శాతం సిబ్బందిని తగ్గించింది. తొలగింపులు రెండు దేశాల్లోనూ తప్పలేదు. ఆ తర్వాత లభించే గడువులోనే తేడా ఉంది.

అమెరికాలో మోంటానా మినహా అన్ని రాష్ట్రాల్లోనూ కారణం చెప్పకుండానే ఉద్యోగిని తొలగించవచ్చు. భారీ తొలగింపుల సందర్భంలో వంద మందికి పైగా సిబ్బంది ఉన్న సంస్థలు 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది సమాఖ్య నిబంధన. హెచ్‌-1బి వీసాదారులకు ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఆలోగా కొత్త యజమాని దరఖాస్తు చేయాలి. లేదంటే వీసా హోదా మార్చుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. ఇంటి రుణం, పిల్లల చదువు ఏదీ ఆ గడువును పెంచదు.

ఒంటారియోలో సర్వీసును బట్టి ఎనిమిది వారాల వరకు నోటీసు గానీ, బదులుగా వేతనం గానీ ఇవ్వాలి. న్యాయస్థానాలు అంతకు మించి ఇప్పించిన సందర్భాలూ ఉన్నాయి. అర్హులకు ఉద్యోగ బీమా కింద 14 నుంచి 45 వారాల వరకు భృతి అందుతుంది. పని అనుమతిపై ఉన్నవారు ఉద్యోగం పోయినా ఆ పత్రం గడువు ముగిసే దాకా కెనడాలో ఉండవచ్చు. అయితే అనుమతి ఒకే యజమానికి పరిమితమైనదైతే కొత్త అనుమతి పొందాకే వేరేచోట పనిచేయాలి.

నివాస హక్కు ఎవరి చేతిలో?

తెలుగు కుటుంబాలకు అన్నింటికన్నా కీలకమైన అంశమిదే. అమెరికా ఏటా ఇచ్చే కొత్త హెచ్‌-1బిలు 65 వేలు. అక్కడ మాస్టర్స్‌ చేసిన వారికి మరో 20 వేలు. వీటికి పోటీ చాలా ఎక్కువ. కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్‌ ప్రకటన జారీ చేశారు. దీంతో దేశం వెలుపలి నుంచి నేరుగా నియమించుకోవడం సంస్థలకు మరింత భారమైంది.

వీసా దక్కినా గ్రీన్‌కార్డు సుదూరమే. ఏ ఒక్క దేశంలో పుట్టిన వారికీ ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి పెరిగింది. 2025 డిసెంబరు వీసా పట్టికలో ఈబీ-2 కోటా కింద భారతీయుల తేదీ 2013 వద్దే ఉంది. ఈలోగా పిల్లలకు 21 ఏళ్లు నిండితే వారు తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోయే ప్రమాదముంది. యజమానిని మారే వీలున్నా కొత్త సంస్థ గ్రీన్‌కార్డు ప్రక్రియలో చాలా భాగం మళ్లీ మొదలుపెట్టాలి. ఆ భయంతోనే పెంపు అడగలేక, పదోన్నతికి మరోచోట ప్రయత్నించలేక ఒకే కుర్చీలో ఉండిపోయేవారున్నారు.

కెనడాలో పుట్టిన దేశాన్ని బట్టి కోటా లేదు. 2015 జనవరిలో మొదలైన ఎక్స్‌ప్రెస్‌ ఎంట్రీ విధానంలో వయసు, చదువు, భాష, అనుభవాలకు మార్కులు వేసి ఎంపిక చేస్తారు. శాశ్వత నివాసం లభిస్తే ఏ యజమాని వద్దనైనా పనిచేయవచ్చు. అయిదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2023 జులైలో హెచ్‌-1బి ఉన్నవారికి కెనడా పది వేల పని అనుమతులు ప్రకటిస్తే, రెండో రోజుకే దరఖాస్తులు నిండిపోయాయి. అమెరికాలో జీతం అందుకుంటున్నవారే ఇలా ముందుకు రావడం గమనార్హం.

అయితే కెనడా తలుపులూ మునుపటిలా లేవు. 2025లో అయిదు లక్షల మందికి శాశ్వత నివాసం ఇవ్వాలన్న తొలి లక్ష్యాన్ని 3.95 లక్షలకు, 2026 నుంచి 2028 వరకు ఏటా 3.8 లక్షలకు తగ్గించింది. 2024, 2025ల్లో కెనడా అనుభవం ఉన్నవారి కోటాలోనూ 500 మార్కులు దాటిన వారికే పిలుపు అందింది. వయసుకు ఇచ్చే మార్కులు 30 నుంచి తగ్గుతూ వస్తాయి.

కెనడా పౌరసత్వం తీసుకుంటే టీఎన్‌ హోదాపై అమెరికాలో పనిచేసే మార్గం ఉంది. దానికి లాటరీ లేదు. అయితే అది పౌరులకే గానీ శాశ్వత నివాసులకు వర్తించదు. పైగా గ్రీన్‌కార్డు వరుసకు చూసేది పుట్టిన దేశాన్ని. కెనడా పాస్‌పోర్టు చేతికొచ్చినా భారత్‌లో పుట్టినవారు సాధారణంగా భారతీయుల వరుసలోనే నిలబడాలి.

తిరిగి వచ్చేవారికి పింఛను

కొన్నేళ్లు పనిచేసి స్వదేశానికి వచ్చేవారు పట్టించుకోని అంశం సామాజిక భద్రత చందా. అమెరికాలో పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. ఆ దేశంతో భారత్‌కు సామాజిక భద్రత ఒప్పందం లేదు. పదేళ్లలోపు తిరిగి వస్తే కట్టిన చందా సాధారణంగా చేతికి రాదు. కెనడాతో ఒప్పందం 2015 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది. కెనడా పింఛను పథకంలో ఒక్క చెల్లుబాటయ్యే చందా ఉన్నా 60 ఏళ్లు నిండాక దరఖాస్తుకు అర్హత ఉంటుంది. మొత్తం మాత్రం కట్టిన చందాను బట్టే.

మధ్యవర్తులతో జాగ్రత్త

ప్రాజెక్టు లేదని హెచ్‌-1బి ఉద్యోగిని జీతం లేకుండా ‘బెంచ్‌’పై కూర్చోబెట్టడం అమెరికా చట్టానికి విరుద్ధం. పని లేని కాలానికీ యజమాని వేతనం చెల్లించాలి. యజమాని కట్టాల్సిన హెచ్‌-1బి శిక్షణ రుసుమును ఉద్యోగిపై మోపకూడదు. కెనడాలో విదేశీ ఉద్యోగి అవసరాన్ని ధ్రువీకరించే ఎల్‌ఎంఐఏ పత్రాలను అమ్మజూపే మధ్యవర్తులున్నారు. ఇది నేరం. ఇలాంటి అక్రమాలను అరికట్టేందుకే 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్‌ ఎంట్రీలో ఉద్యోగ ప్రతిపాదనకు ఇచ్చే అదనపు మార్కులను ఆ దేశం రద్దు చేసింది.

అంగీకరించే ముందు తెలుసుకోవాల్సినవి

* వేతనం అమెరికా డాలర్లలోనా, కెనడా డాలర్లలోనా? అందులో షేర్ల వాటా ఎంత, అవి ఎన్నేళ్లకు చేతికొస్తాయి?
* చదువు తర్వాత పనిచేసే గడువు ఎంత? అమెరికాలో సైన్స్‌, ఇంజినీరింగ్‌ కోర్సుల వారికి మూడేళ్ల వరకు ఉంటుంది. కెనడాలోనూ గరిష్ఠం మూడేళ్లే. అది కోర్సును బట్టి మారుతుంది.
* జీవిత భాగస్వామికి పనిచేసే అవకాశం ఉందా? అమెరికాలో హెచ్‌-4పై ఉన్నవారికి సాధారణంగా గ్రీన్‌కార్డు ప్రక్రియ నిర్దిష్ట దశకు చేరాకే అనుమతి దొరుకుతుంది.
* శాశ్వత నివాస దరఖాస్తును యజమాని ఎప్పుడు మొదలుపెడతారు? ఆ మాట నియామక పత్రంలో ఉందా?
* రెండు నెలలు జీతం ఆగితే ఇక్కడి విద్యారుణం వాయిదా ఎవరు కడతారు?

రుణభారం త్వరగా దించుకోవాలనుకునే వారికి అమెరికా వేతనం అక్కరకొస్తుంది. కుటుంబంతో స్థిరపడాలనుకునే వారికి కెనడా హామీ విలువైనది. వీసా రుసుములు, మార్కుల కోతలు తరచూ మారుతుంటాయి. నిర్ణయానికి ముందు ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో తాజా నిబంధనలు సరిచూసుకోవాలి.